నాలుగింటి కాఫీ

2007 జనవరి 9, మంగళవారం

ఈ డైరీ ఆయన ఆఫీసువాళ్ళు పంపారు. కవరు మీద శ్రీ రఘునందన్ అని శుభ్రంగా టైపు చేసి మరీ పంపారు. మనిషి పోయి పదకొండు నెలలైంది, ఆ మాట లిస్టు రాసే మహానుభావుడికి ఎవరూ చెప్పలేదు కాబోలు. పారేద్దామనుకుని మళ్ళీ ఆగాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పిన చెయ్యి, తెల్లకాగితం కనబడితే ఊరుకోదు. చదివేవాళ్ళు ఎవరూ లేరు కనుక దస్తూరీ బాగుండనక్కర్లేదు.

పొగమంచు. ఎదురు బ్లాకు కనబడటంలేదు. పొద్దుటి ఉప్మాయే రెండు పూటలూ తిన్నాను.

జనవరి 12

పై అంతస్తు హైమవతి వచ్చింది, కాకినాడ నుంచి వచ్చిన చెల్లెల్ని వెంటబెట్టుకుని. ఢిల్లీలో ఎర్రకోట, కుతుబ్ మినార్ అయ్యాక నన్ను చూపించడానికి తెచ్చినట్టుంది. "ఈవిడేనే నేను చెప్పింది. ఈవిడ చేతి కాఫీ తాగుతూ, ఈవిడ భుజం మీదే తల వాల్చి వెళ్ళిపోయాడే మొగుడు! ఎంత పుణ్యం చేసుకుంటే వస్తుందే అలాంటి చావు!" ఆ పిల్ల నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. "ఛ, లేమ్మా" అన్నాను.

చివర్లో ఏమైనా అన్నారా ఆంటీ అని అడిగింది. చెప్పాను. నాలుగింటికి కాఫీ పట్టుకెళ్ళాను. లేపి కూర్చోబెట్టాను. రెండు గుక్కలు తాగారు. "కాఫీ బాగుందోయ్" అన్నారు. తల వాల్చేశారు.

ఈ "కాఫీ బాగుందోయ్" అన్న ముక్క ఇంతకు ముందు ఎవరికీ చెప్పినట్టు లేదు.

జనవరి 18

నిరంజన్ గుర్గావ్ నుంచి ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్నగారి సంవత్సరీకం గురించి.

"అమ్మా, శర్మగారితో మాట్లాడా. తదియ మండే పడుతోందిట, ఫిబ్రవరి ఫిఫ్త్. ఆ రోజు క్లయింట్స్ వస్తున్నారు నాకు. సండే చెయ్యకూడదా అనడిగా. ఆయన పాత పంచాంగం తీసి చూశాడు. నాన్న పోయిన రోజు మధ్యాహ్నం రెండూ నలభై దాకా విదియే ఉందిట. అంతకు ముందు పోయుంటే విదియ, అప్పుడు సండే వచ్చేది. నాన్న పోయింది నాలుక్కి కదా, అందుకని తదియ. మండే."

"అయితే ఏమంటావు?"

"ఏమనను. పక్కా నాలుగే కదా అమ్మా?" అని నవ్వాడు. ఆదివారం కలిసొస్తే బాగుండునని వాడి సరదా.

"నాలుగే. కాఫీ వేళ. గడియారం చూశాను."

"ఠీక్ హై, అయితే లీవ్ పెడతా. శర్మగారు కూడా లీవ్ పెట్టుకోవాలిట."

మల్లికార్జున శర్మగారు ఏదో మంత్రిత్వశాఖలో గుమస్తా. సెలవు రోజుల్లో, సెలవు దొరికిన రోజుల్లో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో తద్దినాలు, వ్రతాలు చేయిస్తాడు. ఇక్కడ పితృదేవతలు కూడా క్యాజువల్ లీవుని బట్టి రావాలి అనేవారు మా ఆయన.

జనవరి 19

నాలుగే.

జనవరి 21, ఆదివారం

రాత్రి నిద్ర లేదు. పెళ్ళయిన కొత్తలో కరోల్‌బాగ్ బర్సాతీ గుర్తొచ్చింది. మేడ మీద ఒకే గది, మే నెలలో రేకులు కాలిపోయేవి. రాజమండ్రి నుంచి దిగి నెల కాలేదు, నాకు హిందీలో పాలు అడగడం కూడా రాదు. కూరలో ఉప్పు ఎక్కువైందని పక్కింటివాళ్ళ ముందు అన్నారు. నేను మాట్లాడటం మానేశాను. ఆయనా మానేశారు. ఒకే గదిలో ఇద్దరం, పళ్ళెం పెట్టడం, తీయడం, అంతే. మూడోరోజు సాయంత్రం ఆయనే "కస్తూరీ" అని పిలిచారు. పలకలేదు. "కస్తూరీ!" ఊహూఁ. మూడోసారి పిలిచాక "ఏమిటండీ" అన్నాను, ఇప్పుడే వినబడ్డట్టు.

అక్కణ్ణించి అదే మా ఇంటి చట్టం. ముందు పిలిచినవాళ్ళు ఓడినట్టు. అవతలివాళ్ళు మూడో పిలుపు దాకా పలకనక్కర్లేదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఎప్పుడూ ఆయనే ఓడారు. మూడు రోజులు, మహా అయితే నాలుగు. "నీతో మాట్లాడకపోతే నాకు అన్నం అరగదోయ్" అనేవారు. నాకు అరిగేది. అదీ నా పొగరు.

జనవరి 24

ఆ చివరి గొడవ కూడా రాసేస్తే పోతుంది. పోయినేడు ఫిబ్రవరి ఆరున, సున్నాలు వేయించడానికని అటక ఖాళీ చేయించి, నా బడి నోట్సులన్నీ పాతకాగితాలు కొనే కబాడీవాలాకి ఇచ్చేశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ పాఠాల పుస్తకాలు. ఏ లెక్క దగ్గర పిల్లలు ఎలా తడబడతారో, ఏ క్లాసులో ఎవరికి ఏది అర్థం కాలేదో, అన్నీ రాసుకున్నవి. నేను మార్కెట్ నుంచి వచ్చేసరికి అటక తుడిచి ఉంది. "రిటైరయ్యావుగా, ఇంకెందుకోయ్ ఆ చెత్త?" అన్నారు. చెత్త! ఒళ్ళు మండిపోయింది. ఆ మాటతో అసలు మాట్లాడటమే మానేశాను.

మూడు రోజులు అయ్యాయి, నాలుగు అయ్యాయి, ఈసారి ఆయనా పంతం పట్టారు. తొమ్మిది రోజులు. తొమ్మిదో రోజు రాజీ అయిపోయాం. రాజీ కాకపోతే కాఫీ ఎందుకు పట్టుకెళ్తాను?

జనవరి 26

నిరంజన్, నేహా వచ్చారు. పెరేడ్ చూస్తూ గుత్తివంకాయ తిన్నారు. కోడలు నేహా కాన్పూరు పిల్ల, మంచిదే. మన పద్ధతులన్నీ నేర్చుకోవాలని తెగ తాపత్రయం. "మమ్మీజీ, ఉస్ దిన్ పాపా కే లియే కాఫీ భీ రఖేంగే నా? ఉన్‌కీ ఆఖ్‌రీ చీజ్ థీ" అంది. ఆయన ఆఖరుగా తాగింది అదేగా, ఆ రోజు కాఫీ కూడా పెడదామని.

"తద్దినానికి కాఫీ ఏమిటి, నీ మొహం!" అని కసిరాను. తెలుగులో కసిరినా తెలిసిపోతుంది. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని గిన్నెలు సర్దడానికి వెళ్ళింది.

నిరంజన్ నెమ్మదిగా అన్నాడు. "దాన్నెందుకమ్మా అరుస్తావు? ఆ కాఫీ సంగతి నేనే చెబుతూ ఉంటా దానికి. నాన్న నాలుగింటి దాకా హాయిగా ఉన్నాడు, నీ చేతి కాఫీ తాగి వెళ్ళాడు. నాకు ఆ ఒక్క విషయం..." అక్కడ ఆపి, టీవీ సౌండ్ తగ్గించి, మెట్రోలో జనం గురించి మొదలుపెట్టాడు.

వాళ్ళు వెళ్ళాక నేహాకి ఫోన్ చేసి సారీ చెప్పాను. "కోయీ బాత్ నహీ మమ్మీజీ" అంది.

జనవరి 29

పదకొండు మాసికాలు పెట్టించాను. అన్నీ తదియ నాడే. ప్రతిసారీ శర్మగారు తిథి చదువుతుంటే నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, పులుసు పొంగుతోందని చెప్పి.

ఇవన్నీ నమ్ముతానా అంటే ఏం చెప్పను. బళ్ళో పిల్లలకి గ్రహణాలు బొమ్మ గీసి చెప్పినదాన్ని. కానీ తప్పు తిథికి పిండం పెడితే అది ఆ మనిషికి అందదని మా నాయనమ్మ చెప్పిన మాట బుర్రలోంచి పోవడంలేదు. ఏడాది నుంచి ఆయన పస్తున్నారా? ఇదేం పిచ్చి ఆలోచన? పిచ్చయినా వస్తోందే.

లెక్కలో మొదటి మెట్టు తప్పయితే, కింద ఎంత పొందికగా చేసినా నేను సున్నాయే వేసేదాన్ని. ఏడ్చేవాళ్ళు పిల్లలు. "టీచర్, ఆన్సరు కరెక్టేగా" అనేవాళ్ళు.

సోమవారం ఇంకా వారం ఉంది. చెబితే నిరంజన్‌కి నా మొహం ఎలా చూపించను?

జనవరి 31, బుధవారం

రాస్తాను. ఆయన పోయిన రోజులాగే ఇది కూడా బుధవారమే.

అన్నం పళ్ళెం బల్ల మీద పెట్టి ముందుగదిలోకి వచ్చేశాను. ఆయన తిన్నారు. పూర్తిగా తినలేదు, పెరుగు ముట్టుకోలేదు. చూశాను, ఎందుకని అడగలేదు. లోపల గదిలోకి వెళ్ళి పడుకున్నారు. నేను కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. టీవీలో రెండింటి వార్తలు అయిపోయాయి. రెండుంబావు.

"కస్తూరీ."

మామూలుగానే పిలిచారు. నాకు నవ్వొచ్చింది. భగవంతుడా, నాకు నవ్వొచ్చింది. గెలిచాననుకున్నాను. తొమ్మిది రోజులకి దిగొచ్చాడు మహానుభావుడు అనుకున్నాను.

"కస్తూరీ."

ఈసారి గొంతు కొంచెం తగ్గింది. టీవీ సౌండ్ పెంచాను. మూడోసారి పిలిస్తే లేద్దామనుకున్నాను. పిలవలేదు. సరే, మళ్ళీ పంతమన్నమాట, చూద్దాం అనుకున్నాను. బఠాణీలు అయిపోయాయి. మూడింటికి లోపల ఫోన్ మోగింది. ఆయన మంచం పక్కనే ఉంటుంది, ఎత్తుతారులే అనుకున్నాను. మోగి మోగి ఆగిపోయింది. నిద్రపోతున్నారు కాబోలు అనుకున్నాను.

నాలుగింటికి కాఫీ కలిపాను. రెండుసార్లు పిలిచారుగా, చాల్లే, ఈసారికి మూడో పిలుపు లేకుండానే వెళ్దామని. అంత ఉదారం నాది! ఒక కాలు మంచం కిందికి ఉంది. చెయ్యి చల్లగా ఉంది. గ్లాసు ఆయన పెదాలకి ఆనించాను. లోపలికి పోలేదు, చెంప మీదుగా తలగడ మీదకి కారింది. అవే రెండు గుక్కలు.

డాక్టరు ఎప్పుడు అని అడిగితే నాలుగు అన్నాను. నా మొహం చూసి ఇంకేమీ అడక్కుండా రాసుకున్నాడు. హైమవతి అడిగితే, కాఫీ తాగుతూ పోయారు అన్నాను. సాయంత్రానికి బ్లాకంతా తెలిసింది. రాత్రికి నాకే నిజమనిపించింది.

ఫిబ్రవరి 2

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఎవరికీ తెలియదు. సోమవారం అయిపోతుంది.

ఆయనకి తెలుసు.

ఫిబ్రవరి 3, శనివారం

సాయంత్రం నిరంజన్ ఒక్కడే వచ్చాడు. నువ్వులు, దర్భలు, విస్తరాకులు అన్నీ కరోల్‌బాగ్‌లో కొని తెచ్చాడు. శర్మగారిచ్చిన లిస్టు చూసుకుంటూ వంటింట్లో గట్టు మీద ఒక్కొక్కటే పెడుతున్నాడు. ఇక వాయిదా వేస్తే చెప్పలేనని తెలిసిపోయింది.

"నిరంజన్, నాన్నగారు నాలుక్కి పోలేదురా. నన్ను రెండుంబావుకి పిలిచారు. రెండుసార్లు. నేను లేవలేదు. మాటల్లేవు మా మధ్య అప్పటికి. నాలుక్కి వెళ్ళేసరికి లేరు. కాఫీ తాగలేదు. ఏమీ అనలేదు. అంతా నేను కల్పించింది."

ఇంత గుక్క తిప్పుకోకుండా క్లాసులో కూడా ఎప్పుడూ చెప్పలేదు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండు అనుకున్నాను. వాడు నువ్వుల పొట్లం చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"రెండుంబావా?"

"వార్తలు అయిపోయాయి అప్పుడే."

కింద కూర్చున్నాడు, నేల మీద, గోడకి ఆనుకుని.

"రెండూ ఇరవైకి నాకు ఫోన్ చేశాడమ్మా."

నాకు అర్థం కాలేదు. "ఎవరు?"

"నాన్న. ఇంటి నెంబరు నుంచి. అప్రైజల్ మీటింగ్‌లో ఉన్నా, బాస్ ఎదురుగా ఉన్నాడు. కట్ చేశా. మూడింటికి బయటికొచ్చి చేస్తే ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం నువ్వు ఫోన్ చేశావు, నాలుక్కి కాఫీ తాగాడు అన్నావు. నీకు తెలీదు, ఆ మాట విని నేను... అంత ఏడుపులోనూ అమ్మయ్య అనుకున్నా. నాలుగింటి దాకా బానే ఉన్నాడు కదా, అయితే ఆ ఫోన్ ఊరికే చేసుంటాడు అనుకున్నా. సంవత్సరం నుంచి రోజూ అదే అనుకుంటున్నా."

వాడి పక్కన కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేసినా కూర్చున్నాను.

"ఎందుకు చెప్పావమ్మా?" అన్నాడు. "నాలుగే బావుంది కదా."

నేను చేసిన తప్పు నేను ఒప్పుకుంటున్నాననుకున్నాను. ఆ బరువు ఎత్తి వాడి నెత్తిన పడేస్తున్నానని నాకేం తెలుసు? ఆయన నన్ను పిలిచారు, నేను పలకలేదు కనుక కొడుకుని పిలిచారు. వాడి తప్పు కూడా నా ఖాతాలోదే. ఆ మాట చెప్పాను. "అలా కాదులే అమ్మా" అన్నాడు కానీ నా వైపు చూడలేదు.

ఎనిమిదింటికి వాడే శర్మగారికి ఫోన్ కలిపాడు, స్పీకర్లో పెట్టాడు. రెండూ ఇరవైకి ప్రాణంతో ఉన్నారు, మూడింటికి ఫోన్ ఎత్తలేదు అని చెప్పాడు. మిగతాది చెప్పలేదు.

శర్మగారు కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. "రెండూ నలభైకి కదండీ తిథి మారింది. అటా ఇటా అన్నది ఎవరు చెబుతారు? సండేకి చెయ్యమనలేను, మండేకి చెయ్యమనలేను. నిర్ధారణగా తెలియనప్పుడు ఆ మాసం అమావాస్య నాడు పెట్టమన్నారు పెద్దలు. దేశాంతరం పోయినవాళ్ళకి, ఎప్పుడు పోయారో ఎవరికీ తెలియనివాళ్ళకి అలాగే పెడతాం. పదిహేడు, శనివారం. నాకూ సెలవే." మళ్ళీ తనే అడిగాడు. "ఏమీ అనుకోకండి, ఆ టైంలో ఇంట్లో ఎవరూ లేరాండీ?"

నిరంజన్ గభాల్న "లేరండీ, అమ్మ బజారుకి..." అంటున్నాడు. ఫోన్ వాడి చేతిలోంచి లాక్కున్నాను.

"ఉన్నాను బాబూ. ఇంట్లోనే ఉన్నాను."

అలాగేనమ్మా, పదిహేడు అని పెట్టేశాడు. నిరంజన్ భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 4

విదియ.

ఫిబ్రవరి 5

తదియ. నిన్నా ఇవాళా పొయ్యి వెలిగించలేదు.

ఫిబ్రవరి 9

నిరంజన్ దగ్గర్నుంచి ఆరు రోజులుగా ఫోన్ లేదు. వాడు నా కొడుకు, వాడికి మాటలు మానెయ్యడం ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పాలా? పొద్దుటి నుంచి ఫోన్ చుట్టూ తిరిగాను. వాడే చెయ్యాలి, వాడు చిన్నవాడు అనుకున్నాను. ఆ మాట బుర్రలోకి రాగానే నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. వెంటనే చేశాను.

నేహా ఎత్తింది. "మమ్మీజీ, వో కిసీసే బాత్ నహీ కర్ రహే. ముఝ్‌సే భీ నహీ." ఎవరితోనూ మాట్లాడటంలేదట, తనతో కూడా.

"వాడి చెవి దగ్గర పెట్టవే తల్లీ."

పెట్టింది. వాడి ఊపిరి వినబడుతోంది. నిరంజన్ అన్నాను. పలకలేదు. మళ్ళీ అన్నాను. పలకలేదు. ఎన్నిసార్లు పిలిచానో లెక్కపెట్టలేదు. గొంతు బొంగురుపోయింది, అయినా ఆపలేదు. చివరికి "ఊఁ" అన్నాడు. "అన్నం తిన్నావా?" అన్నాను. "లేదు" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

ఫిబ్రవరి 12

నేహా వచ్చి రెండు రోజులు ఉండి వెళ్ళింది. గారెలకి పప్పు నానబెట్టడం నేర్పాను. నిరంజన్ ఫోన్ చేశాడు, ఎక్కువ మాట్లాడలేదు. చేశాడు, అది చాలు.

ఫిబ్రవరి 17, శనివారం

అయింది. నిరంజన్ తడిబట్టలతో కూర్చుని తడబడకుండా అన్నీ చేశాడు. ఈసారి నేను వంటింట్లోకి వెళ్ళలేదు. శర్మగారు తిథి చదివే చోట, అమావాస్య అన్నప్పుడు, నిరంజన్ తలెత్తి నా వైపు చూశాడు. నేనూ చూశాను.

భోజనాల దగ్గర హైమవతి ఊరుకోలేదు. "అదేమిటండీ, నెల నెలా తదియ నాడు పెట్టారుగా? ఇప్పుడు ఈ అమావాస్య ఏమిటి?"

నిరంజన్ వడ్డిస్తున్న చెయ్యి ఆగింది. "ఆయన ఎప్పుడు పోయారో నాకు తెలియదు హైమవతిగారూ. పిలిచారు, నేను వెళ్ళలేదు. కాఫీ సంగతి అబద్ధం. మీ చెల్లెలికి కూడా చెప్పండి" అన్నాను. ఆవిడ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇక రేపటికి మా కాలనీ, జనక్‌పురి అంతా తెలుస్తుంది. తెలియనీ.

శర్మగారు సంచీ సర్దుకుంటూ గడియారం చూసుకున్నాడు. మునిర్కాలో ఇంకో ఇల్లు ఉందిట. అక్కడ ఒకావిడ భర్త ఇరవై ఏళ్ళ క్రితం ఇంట్లోంచి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదట. ఎక్కడున్నాడో, ఎప్పుడు పోయాడో తెలియదు. ఇన్నేళ్ళు ఎదురుచూసి, పోయినట్టే అనుకుని, మొన్నటేడు నుంచి ఈ అమావాస్య నాడు పెట్టుకుంటోందట.

"పాపం, ఆవిడకి ఏమీ తెలియదండీ" అన్నాడు చెప్పులేసుకుంటూ.

తలుపు వేసి వచ్చాను. టేపు తీసి, ఆ రోజు నేను కూర్చున్న కుర్చీ దగ్గర్నుంచి ఆయన మంచం దాకా కొలిచాను. పదకొండు అడుగులు.